డెక్క ఆరేదాకా

మహాదేవమ్మ ఆ రోజు నాలుగోసారి ఆముదం పొయ్యి మీద పెట్టింది.

మూడు రాళ్ళు, నాలుగు పుల్లలు, నల్లబడిన చిన్న రేకు డబ్బా. ఆముదంలో వేసిన తేనెమైనం పూర్తిగా కరిగేదాకా ఆగాలి. ఆమె ఆగలేదు. సగం కరగగానే డబ్బాను గుడ్డతో పట్టుకొని లేచింది.

ఆమె రావడం చూసి గుర్రం ముందరి ఎడమ కాలు తనే ఎత్తి ఇచ్చింది. పదకొండేళ్ళ అలవాటు. మహాదేవమ్మ ఆ కాలును మోకాళ్ళ మధ్య ఇరికించుకొని డెక్క మీద, డెక్క కింద, అంచు చుట్టూ నూనె పట్టించింది. నూనె ఇంకలేదు. నెల కిందట అయితే పూసీ పూయకముందే తాగేసేది. ఇప్పుడు పైనే నిలిచి మెరుస్తోంది. డెక్క కింది నుంచి వాసన వస్తోంది. నానబెట్టి మరిచిపోయిన పప్పు వాసన లాంటిది. ఆమె ముఖం తిప్పుకొని రెండో కాలు అందుకుంది.

సందు మొదట్లో ఆటో ఆగింది. అందులోంచి దాసన్న దిగాడు. ఒకప్పుడు ఆమె భర్త హనుమన్న పక్కన స్టేషను దగ్గర జట్కా నిలిపినవాడు. గుర్రాన్ని అమ్మేసి ఏడేళ్ళయింది. ఇప్పుడు కల్లూరుకు షేర్ ఆటో నడుపుతాడు.

“ఏం వదినా, మళ్ళా మొదలుపెడితివా? పొద్దున్నుంచి నేను మూడు ట్రిప్పులు కొట్టినా. నీది నాలుగో ట్రిప్పు. నా బండి కంటే నీ సర్వీసే ఎక్కువుండాదే.”

“నీ ఆటోకు ఆయిలు పొయ్యవా నువ్వు?”

“పోస్తా. ముందు పోసింది తాగినంక పోస్తా.”

“పోప్పా, నీ పని చూసుకో పో.”

దాసన్న పోలేదు. గుర్రం నిలబడిన తీరు చూశాడు. బరువంతా వెనక కాళ్ళ మీద వేసి, ముందరి కాళ్ళు కొంచెం ముందుకు చాపి నిలబడింది. వేడి బండ మీద నిలబడినట్టు ఒక్కో కాలూ మార్చుకుంటోంది. దాని పేరు బిజిలి. బూడిద రంగు ఆడగుర్రం.

ఎగతాళి మాని మెల్లగా ఆటో వైపు నడిచాడు. అదే ఆమెకు ఎక్కువ భయం కలిగించింది.

*

రెండువేల తొమ్మిదిలో, గాంధీ జయంతి నాడు కర్నూల్లోకి నీళ్ళు వచ్చాయి. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ. వాన కోసం ఆకాశం చూసే ఊరు అది. నీళ్ళు ఇంట్లోకి వస్తాయని ఎవరూ అనుకోలేదు.

మహాదేవమ్మ గుర్రం పలుపు కోసింది. అంతవరకే చేయగలిగింది. సందులోవాళ్ళంతా కిరాణా అంగడి కేశవయ్య మిద్దె మీదికి ఎక్కారు. గుర్రాన్ని మెట్లెక్కించబోతే అది ఎక్కలేదు. నీళ్ళు నడుము దాటాక జనం ఆమెను చేతులు పట్టి పైకి లాగారు. బిజిలి అంగడి ముందరి ఎత్తు అరుగు వెతుక్కొని దాని మీద నిలబడింది. అక్కడ నీళ్ళు దాని కడుపు దాకా వచ్చి ఆగాయి.

రెండు పగళ్ళు, రెండు రాత్రులు అది అట్లాగే నిలబడింది. మిద్దె అంచు మీద నుంచి ఆమె చూస్తూ కూర్చుంది. పిలిస్తే చెవులు కదిలించేది. వంగితే పడిపోతుందని కేశవయ్య భార్య కన్యకమ్మ ఆమె కొంగు పట్టుకొని కూర్చుంది.

“యాలమ్మా అట్ల కొట్టుకుంటావు? దాని పాటికి అది నిలబడుకోనుండాది. నువ్వు కూర్చో.”

ఆమె కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులకు అంతసేపు పని లేకపోవడం ఆమె బతుకులో అదే మొదలు.

నీళ్ళు తీశాక ఒండ్రు మిగిలింది. ఇంట్లో మోకాలెత్తు, సందులో జానెడు, గుర్రపు పాకలో ఎంత తోడినా మళ్ళీ ఊరేది. చచ్చిన బర్రెల్ని, గొర్రెల్ని ఎత్తుకుపోయే ట్రాక్టరు ఒకటి ఆ దారిన తిరిగేది. ఒక రోజు దాని మీది మనిషి పాక ముందు ఆపి, తల వేలాడేసిన బిజిలిని చూసి అడిగాడు.

“ఇది గూడా ఎత్తల్లా అవ్వా?”

“నిలబడుకోనుండాది. కండ్లు కనపల్లేదా నీకు?”

ట్రాక్టరు పోయింది. ఆ చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు. దూరంగా ఏ ఇంజను మోగినా లేచి పాకలోకి వచ్చేది. వచ్చాక ఊరికే పోయేది కాదు. ఏదో ఒకటి పూసి పోయేది.

*

ఆమె పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు చాపి, దారాలకు గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వేవాళ్ళు. ఆ తర్వాత ఆరేదాకా దాని జోలికి ఎవరూ పోకూడదు. తడి దారం మీద చెయ్యి పడితే రెండు పోగులు అంటుకుంటాయి. అంటుకున్నవి మగ్గం మీద తెగుతాయి. ఏడేళ్ళ మహాదేవమ్మకు అది తెలుసు. తెలిసీ ముట్టుకునేది. ఆరిందేమో చూద్దామని ఒక్క వేలు పెట్టేది. తల్లి ఆ వేలి మీదే కొట్టేది.

“నీ చేతులు కట్టేసి కూర్చోబెట్టల్ల నిన్ను. దాని మానాన దాన్ని ఆరనీవా?”

ఆమెను పెళ్ళి చేసుకున్న హనుమన్నదీ మగ్గాల ఇల్లే. కానీ అతను మగ్గం గుంతలో కూర్చోలేని మనిషి. కాళ్ళు తిమ్మిరెక్కుతాయనేవాడు. నూలు దొరకడం తగ్గిన ఏడు అదే సాకుగా కర్నూలు వచ్చి జట్కా కొన్నాడు. మగ్గం వదిలి గుర్రం వెంట పడ్డాడని బంధువులు నవ్వారు. మహాదేవమ్మ పుట్టింటి నుంచి ఒకటే తెచ్చుకుంది. కొసలు అరిగిన పాత గంజి కుంచె. దానితో గుర్రం ఒళ్ళు దువ్వేది. ముప్ఫై ఏళ్ళలో నాలుగు గుర్రాలను ఆ కుంచెతోనే దువ్వింది.

మందులు హనుమన్న నేర్పాడు. కొరడా తగిలిన చోట కానుగ నూనెలో పసుపు. జీను ఒరుసుకున్న చోట వెన్న. దురదకు వేపాకు కాచిన నీళ్ళు. డెక్కలకు మాత్రం రోజూ ఆముదమూ మైనమూ, ఒక్క రోజు తప్పకూడదు. తారు రోడ్డు, మే నెల ఎండ, వానే లేని ఏళ్ళు. ఈ నేల మీద డెక్క నెర్రెలిచ్చిన రేగడి లాగా పగులుతుంది. పగులు పైదాకా పాకితే గుర్రం పని అయిపోయినట్టే. హనుమన్న చెప్పింది అదే, ఆమె చేసింది అదే. ఆమె చేతి కింద ఏ గుర్రానికీ డెక్క పగలలేదు.

రెండువేల నాలుగులో అతను ఛాతీ నొప్పితో పోయాడు. అప్పటికే జట్కా ఎక్కేవాళ్ళు లేరు. బండిని కట్టెల కింద అమ్మి గుర్రాన్ని ఉంచుకుంది. పెళ్ళి ఊరేగింపులకు తనే కళ్ళెం పట్టుకొని నడిచింది. మొదట్లో బ్యాండువాళ్ళు నవ్వారు. పెళ్ళికొడుకు కంటే గుర్రాలామె ముఖమే సీరియస్‌గా ఉందని వీడియో తీసేవాడు అనేవాడు. రెండేళ్ళకు ఆ నవ్వులు అరిగిపోయాయి. పిల్లలు పుట్టలేదు. పొద్దున లేస్తే గుర్రం, పడుకునే ముందు గుర్రం. మధ్యలో ఎక్కడ కూర్చున్నా మడమలు నేలకు కొట్టుకుంటూ ఉండే మనిషి.

*

వరద తర్వాత బిజిలి వీపు మీద తోలు పెచ్చులు కట్టింది. పెచ్చు ఊడితే వెంట్రుకలతో సహా వచ్చేది. మహాదేవమ్మ వేపాకు కాచి, గోరువెచ్చగా అయ్యాక ఆ నీళ్ళతో తడిపి, మెత్తబడిన పెచ్చుల్నే తీసింది. పాత నూలు చీర చింపి అద్దింది. పచ్చిగా ఉన్న చోట కానుగ నూనెలో పసుపు రాసింది. రెండు వారాలకు వీపు మానింది. కొత్త వెంట్రుకలు మొలిచాయి.

వీపు మాన్పిన చేతులే కదా, డెక్కలు మానకపోతాయా అనుకుంది.

పశువుల డాక్టరు కూడా వచ్చాడు. ఊరంతా పశువులు జబ్బు పడి ఉన్న రోజులు. సూది వేసి, డెక్కలకు తడి తగలనీయవద్దని చెప్పి, ఇంకో సందుకు పరుగెత్తాడు. తడి తగలకూడదంటే నూనె పూయాలి. నూనె మీద నీళ్ళు నిలవవు. అందులో ఆమెకు అనుమానమేమీ కలగలేదు. రోజుకు ఒకసారి పూసేది రెండుసార్లు పూసింది. రెండు నాలుగయ్యాయి.

అక్టోబరు చివర ఒక మధ్యాహ్నం బిజిలి పడుకుంది.

పగలు పడుకునే గుర్రం కాదు అది. ఆమె పక్కన కూలబడి మెడ పట్టి లాగింది, తిట్టింది, బతిమాలింది. దాసన్న ఆటో దిగి పరుగెత్తి వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. కడుపు కింద గోనెపట్టా వేసి నలుగురూ ఎత్తితే లేచింది. లేచి వణికింది.

“బిజిలికి కరెంటు పోయిందిరా” అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు.

“నోరు మూసుకోరా” అన్నాడు దాసన్న. ఆమె వైపు తిరిగాడు. “వదినా, ఇంగో తూరి పండుకుంటే ఎత్తినా నిలబడదు. ఏసేపును పిల్చుకోని రా.”

“ఏసేపన్న యాడుండాడో ఎవరికి తెలుసు?”

“ఆత్మకూరులో. సంతకాడ ఎద్దులకు లాడాలు కొడ్తాండాడంట. నువ్వు పో. నేను ఈడే ఉంటా. బండి ఈ పొద్దు తిప్పను.”

ఆమె చీర కూడా మార్చుకోలేదు.

*

బస్సులో సీటు దొరికింది. నందికొట్కూరు దాకా కూర్చుంది. అక్కడ లేచి నిలబడింది. బస్సు ఎక్కడ ఆగినా డ్రైవరు వైపు చూసేది. ఆమె చేతులు ముందు సీటు కడ్డీని పట్టుకొని, వదిలి, మళ్ళీ పట్టుకుంటున్నాయి. పక్కామె అడిగింది.

“ఎవరికన్నా బాగలేదా అక్కా?”

“ఊఁ.”

“పిల్లోల్లకా?”

“ఊఁ” అంది మహాదేవమ్మ.

ఏసేపు సంత మైదానం అంచున, లాడం కొట్టేందుకు పడేసిన ఎద్దు కాలి దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నాడు. డెబ్బై దగ్గరి మనిషి. జట్కాలున్నప్పుడు కర్నూలు గుర్రాలన్నిటికీ లాడాలు కొట్టింది అతనే. జట్కాలు పోయాక సొంత ఊరు వచ్చేశాడు. ఆమె పిలిస్తే తల ఎత్తకుండానే గొంతు గుర్తుపట్టాడు.

“హనుమన్న పెండ్లామా? ఏమ్మా ఇంత దూరం?”

“బిజిలి పండుకునింది ఏసేపన్నా.”

“లేసిందా?”

“లేసింది.”

“తనే లేసిందా, లేపితిరా?”

ఆమె చూపు ఎద్దు గిట్ట మీదికి దించుకుంది. అతను సుత్తి కింద పెట్టాడు.

“డెక్క వాసనుండాదా?”

“ఉండాది.”

“ఏం పూస్తాండావు?”

“ఆముదమూ మైనమూ. మా ఆయప్ప చెప్పిండేదే.”

“ఎన్ని తూర్లు?”

“రెండు.”

ఏసేపు ఆమె చేతుల వైపు చూశాడు. గోళ్ళు, వేళ్ళ సందులు, మణికట్టు దాకా పసుపు జిడ్డు పట్టి ఉన్నాయి.

“నాలుగు” అంది ఆమె. కాసేపటికి, “నిన్న ఆరు.”

ఎద్దు తల పట్టుకొని కూర్చున్న రైతు నవ్వాడు. “మా ఇంట్లో నా నెత్తికి గూడా అంత పెట్టరు కదమ్మా. ఆ గుర్రమేం పుణ్యం చేసుకునిందో.”

ఏసేపు నవ్వలేదు.

“మీ ఆయప్ప ఎండిన డెక్కకు చెప్పినాడు. నానిన డెక్కకు ఏం చెయ్యల్లనో ఆయప్ప యాడ చెప్పినాడు? ఆయప్ప బతికిండంగ కర్నూల్లో ఏ గుర్రం డెక్కన్నా నానిందా?” ఎద్దు గిట్ట మీద వేలితో తట్టాడు. “లోపల నీళ్ళుండాయి. నువ్వు పైన మూత పెడ్తాండావు. దినానికి ఆరు మూతలు.”

మహాదేవమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి ఆమె సరిగ్గా కూర్చోవడం అదే మొదలు.

*

మరుసటి రోజు మొదటి బస్సుకు ఏసేపు వచ్చాడు. ముందు లాడాలు ఊడదీశాడు. తర్వాత వంకర కత్తితో డెక్క కింద చెక్కాడు. నూనె పొర కింద నల్లగా, మెత్తగా కుళ్ళిన భాగం పాయలుగా వచ్చింది. ఇంకొంచెం చెక్కగానే చీము కారింది. బిజిలి ఒళ్ళంతా జలదరించింది గాని కాలు లాక్కోలేదు. మహాదేవమ్మ దాని ముఖాన్ని తన భుజానికి అదుముకొని నిలబడింది. కిందికి చూడలేదు.

ఉప్పు నీళ్ళతో కడిగాడు. పటిక కలిపిన నీళ్ళతో మళ్ళీ కడిగాడు. పొడి గుడ్డతో ఒత్తి ఒత్తి తడి తీశాడు. చీలికలో పసుపు పొడి చల్లాడు. చేయాల్సిందంతా అయిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

“ఈ బురదలో పెట్టద్దు. బండలు పరుచు. ఎండ తగిలే తావులో. వాటి మీద కట్టెల బూడిద చల్లు. దాంట్లోనే నిలబడల్ల. పొద్దున ఒగ తూరి పటిక నీళ్ళు, తుడిచి పసుపు. అంతే.”

“నూనె?”

“లేదు.”

“ఒగ చుక్క? అంచులకు?”

“శివరాత్రి దాటనీ. ఎండలు ముదిరినంక నీ ఇష్టమొచ్చినంత పూసుకో. అంతదాక ఆ డెక్కను ముట్టద్దు. చూస్తామని ఎత్తద్దు. గీకద్దు. గాలి పని గాలిని చేసుకోనీ.”

“మానుతాదా?”

“పదైదు దినాలు నిలబడితే మానుతాది. పండుకుంటే నన్ను పిలవద్దు.”

పోతూ పోతూ పొయ్యి దగ్గరి రేకు డబ్బా తీసి సంచిలో వేసుకున్నాడు.

“అది మా ఆయనది” అంది ఆమె.

“తెలుసు. అందుకే తీసకపోతాండా.”

*

కేశవయ్య అంగడి అరుగు వరదకు విరిగి, నాపరాళ్ళు పైకి లేచి ఉన్నాయి. కొత్తవి వేయించుకుంటాం, ఇవి తీసుకుపొమ్మంది కన్యకమ్మ. దాసన్న ఆటోలో నాలుగు దఫాలుగా తెచ్చాడు. ఒక్కో బండ దింపుతూ, ఈ సర్వీసుకు షేర్ ఎవరిస్తారని అడిగాడు. ఇంటి వెనక ఎండ పడే చోట పరిచారు. మహాదేవమ్మ బూడిద చల్లింది. బిజిలి ఎక్కి నిలబడింది.

మొదటి రోజు ఆమె పాకలోని ఒండ్రు మొత్తం ఎత్తి పోసింది. రెండో రోజు ఇంటి గోడలు కడిగింది. మూడో రోజు ఉన్న నాలుగు చీరలూ ఉతికి, ఆరాక మళ్ళీ ఉతికింది. పని చేస్తూ చేస్తూ తల తిప్పి చూసేది. గుర్రం నిలబడి ఉండేది. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చేది. మార్చిన ప్రతిసారీ ఆమె పని ఆగేది.

ఇంజను మోగితే వీధిలోకి పోయి చూసి వచ్చేది. ట్రాక్టరు ఇప్పుడు ఇటుకలు మోస్తోంది. అయినా పోయి చూసేది.

ఆమె దగ్గరికి పోయినప్పుడల్లా బిజిలి కాలు ఎత్తి ఇచ్చేది. అది భరించడం కష్టంగా ఉండేది. ఎత్తిన కాలును అట్లాగే గాలిలో ఉంచి ఎదురు చూసేది. ఏమీ జరగకపోతే మెల్లగా దించేది. నాలుగో రోజు నుంచి ఆమె దగ్గరికి పోవడం తగ్గించింది. గడ్డి దూరం నుంచి జరిపేది.

ఆరో రోజు గుర్రం మోకాళ్ళు వంచబోయింది. వంచి, ఆగి, మళ్ళీ నిలబడింది. అంతే. ఆమె చెంబు కింద పడేసి అంగడికి పరుగెత్తింది.

“కన్యకమ్మా, పావు లీటరు ఆముదం.”

“ఏసేపు వద్దనిపాయె కదా?”

“నెత్తికి.”

కన్యకమ్మ ఆమె ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా సీసా ఇచ్చింది.

రేకు డబ్బా లేదు. గరిటెలో పోసి వేడి చేసింది. గరిటె పట్టుకొని బండల దగ్గరికి పోయింది. బిజిలి కాలు ఎత్తింది. ఆమె అందుకుంది. ఎడమ చేతిలో డెక్క, కుడి చేతిలో గరిటె. ఆరు రోజుల తర్వాత ఆ బరువు చేతికి తగిలితే ఆమె ఊపిరి సర్దుకుంది.

వంగి చూసింది. చెక్కిన చోట గుంత అట్లాగే ఉంది. పసుపూ బూడిదా కలిసి పక్కు కట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన ఉంది. కుళ్ళు వాసన మాత్రం కాదు. బూడిద, గడ్డి, ఎండ తగిలిన తోలు. బొటనవేలు గుంత అంచు మీదికి పోయింది. ఆరిందేమో చూద్దామని.

వేలు అక్కడ ఆగింది. ఇంకా తగలలేదు. తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఏడేళ్ళప్పటి నుంచి తెలుసు. వీధి పొడవునా చాపిన తడి పడుగు, దాని మీదికి పోతున్న ఒక్క వేలు, ఆ వేలి మీద పడే దెబ్బ. ఇప్పుడు కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. కొంగు పట్టుకొని కూర్చోబెట్టేవాళ్ళూ లేరు.

గరిటెలోని నూనె చల్లారి పైన మైనం లేని పలచటి మెరుపు కట్టింది. బిజిలి కాలు ఆమె మోకాళ్ళ మధ్య బరువుగా, ఓపికగా ఉంది.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. కాలు వదిలింది. బండల అంచున కూర్చొని, గరిటెలోని ఆముదం తన మడమలకు పూసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా పగిలిన మడమలు అవి. పూసీ పూయకముందే తాగేశాయి. ఇంకొంచెం పూసింది. అదీ తాగాయి. మిగిలిందంతా పూసింది.

ఆ రోజు సాయంత్రం దాసన్న వచ్చి చూశాడు.

“ఏం వదినా, కూర్చోనుండావే? ఒంట్లో బాగలేదా?”

“బాగుండా. కూర్చున్నా. కూర్చోకూడదా?”

“కూర్చో, కూర్చో. ఎప్పుడూ చూల్లేదు కదా, అందుకే అడిగినా.”

కూర్చుంది గాని మడమలు నేలకు కొట్టుకుంటూనే ఉన్నాయి. తొమ్మిదో రోజూ, పదో రోజూ అంతే. రోజూ పొద్దున పటిక నీళ్ళు చూపు అటు తిప్పుకొని పోసేది. తుడిచి, పసుపు చల్లి, లేచి వచ్చేసేది. వచ్చి చేతులు చంకల్లో పెట్టుకొని నిలబడేది.

పన్నెండో రోజు ఆమె లోపల జొన్నరొట్టె కొడుతోంది. బయట ఏదో చప్పుడయింది. ఇంజను కాదు. చెయ్యి పిండి మీదే ఆగిపోయింది. మళ్ళీ అయింది. రాతి మీద కొయ్య తగిలినట్టు. ఇన్ని రోజులూ ఆ బండల మీద నానిన డెక్క తడి గుడ్డ వేసినట్టు తప్ప మోగలేదు.

పిండి చేతులతోనే బయటికి వచ్చింది. గుర్రం బండల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఎండిపోయిన గడ్డి వైపు మెడ చాపి నిలబడి ఉంది. నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడింది. ఆమెను చూడగానే ముందరి ఎడమ కాలు ఎత్తింది. గాలిలో అట్లాగే ఉంచి ఎదురు చూసింది.

మహాదేవమ్మ ఉన్నచోటనే ఆగింది. రెండు చేతులూ పిండి.

“పెట్టు” అంది. “ఏం లేదులే. కింద పెట్టు తల్లీ.”

బిజిలి కాసేపు చూసి కాలు దించింది. టక్కున మోగింది.

ఆమె లోపలికి పోలేదు. ఇంకోసారి వినాలని అక్కడే నిలబడింది. పొయ్యి మీద పెనం వేడెక్కి పొగ లేస్తోంది.